1/16 రిమోట్ ట్యాంకు కిట్టు: ముందు కింది తొట్టి, రంగు ఆఖర్న

కిట్టు పెట్టె తెరవగానే అందరి చెయ్యీ టరెట్ (పైన తిరిగే ఫిరంగి గది) మీదికే పోతుంది. ఫిరంగి గొట్టం, మూతలు, పారలు, గొడ్డళ్లు అన్నీ ముందే అతికించి, రంగు కొట్టి, ఆఖర్న గేర్‌బాక్స్ బిగించి బయటికి తీస్తే పది అడుగులు పోయేసరికి ట్రాక్ ఊడుతుంది. సరిచేద్దామని బండిని తిరగేస్తే అతికించిన సన్న భాగాల్లో సగం విరుగుతాయి. పైన పటారం, లోన లొటారం. కింది తొట్టి (చక్రాలు, మోటార్లు బిగించే కింది డబ్బా), గేర్‌బాక్స్‌లు, చక్రాలు, ట్రాక్‌లు, వైరింగ్ పూర్తిచేసి, పై మూత లేకుండానే మూడు నాలుగు గంటలు నడపండి. అప్పటిదాకా టరెట్ భాగాల సంచి విప్పనే వద్దు.

ఇక్కడి కొలతలు, ఉదాహరణలు రెండో ప్రపంచయుద్ధపు జర్మన్ ట్యాంకు టైగర్-1కు 1/16 కిట్టువి. అసలు టైగర్ తొట్టి పొడవు 6.3 మీటర్లు. పదహారో వంతుకు కుదిస్తే తొట్టి 39.5 సెం.మీ., వెడల్పు 22 సెం.మీ., ముందుకు పొడుచుకొచ్చిన గొట్టంతో కలిపి 53 సెం.మీ. దాకా వస్తుంది. షెర్మన్, టీ-34, టీ-72 ఏది కట్టినా పని వరస ఇదే, చక్రాల అమరిక ఒక్కటే వేరు.

కొనేముందు

టామియా కిట్లు విడి భాగాలుగా వస్తాయి, మొత్తం మనమే కట్టాలి. హెంగ్ లాంగ్ బండ్లు కట్టి, రిమోట్‌తో సహా వస్తాయి. అవి కొన్నవాళ్లు కూడా ఒకసారి పూర్తిగా విప్పి, ఇక్కడ చెప్పిన తనిఖీలు చేసి మళ్లీ బిగిస్తే బండి ఎక్కువ కాలం నడుస్తుంది. విడి కిట్టు పెట్టెలో మామూలుగా రిమోట్, బ్యాటరీ, చార్జర్ ఉండవు. కనీసం నాలుగు చానెళ్ల 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ కావాలి: ముందుకు-వెనక్కి, మలుపు, టరెట్ తిప్పడం, గొట్టం ఎత్తి దించడం. దాన్ని మన దేశంలోనే కొనండి. వైర్‌లెస్ పరికరం విదేశం నుంచి తెప్పిస్తే డబ్ల్యూపీసీ (కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం) ఆమోదం అడుగుతారు, అది లేకపోతే పార్సెల్ కస్టమ్స్‌లోనే కూర్చుంటుంది. లిథియం బ్యాటరీ వరంగల్‌కు మామూలుగా రోడ్డు మార్గానే వస్తుంది కాబట్టి కిట్టుకంటే ముందే ఆర్డర్ పెట్టాలి.

మూడు మి.మీ. స్క్రూలు, వాషర్లు, ఆరల్డైట్, ఆకురాయి, బండ్లకు వేసే బ్లేడ్ ఫ్యూజు, దాని హోల్డరు హనుమకొండలోనో వరంగల్‌లోనో హార్డ్‌వేర్, ఆటో సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. జపాన్ కిట్టు అయితే జేఐఎస్ (జపాన్ ప్రమాణం) తల ఉన్న స్క్రూడ్రైవర్ మాత్రం తెప్పించుకోక తప్పదు. మన దగ్గరి ఫిలిప్స్ డ్రైవర్ ఆ స్క్రూ గాట్లో పూర్తిగా కూర్చోదు, గట్టిగా తిప్పితే జారి తల అరిగిపోతుంది. తల అరిగిన స్క్రూ గేర్‌బాక్స్ లోపల ఉంటే ఒక పూట పోయినట్టే. ఇవికాక వెర్నియర్, 1.5 మి.మీ. ఎలెన్ కీ, మల్టీమీటర్, 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ దగ్గర ఉంచుకోండి.

తొట్టి చదునుగా ఉందా

ఖాళీ తొట్టిని వంటింట్లో గ్రానైట్ గట్టు మీద బోర్లించండి. కరీంనగర్ రాయి పాలిష్ పట్టిన గట్టుకంటే చదునైన పలక ఇంట్లో ఇంకొకటి దొరకదు. నాలుగు మూలలా వేలితో నొక్కితే ఎక్కడా ఊగకూడదు. ఊగితే ఆ మూల కింద కాగితాలు ఒక్కొక్కటే దూర్చి చూడండి. నోటుబుక్కు కాగితం సుమారు 0.1 మి.మీ. మందం. ఐదు కాగితాలకంటే ఎక్కువ పడితే తొట్టి మెలిపడింది. లోపల ఇరువైపులా 12 మి.మీ. అల్యూమినియం యాంగిల్ పెట్టి, తొట్టిని గట్టుకు అదిమి ఉంచి స్క్రూలు బిగిస్తే చాలావరకు సర్దుకుంటుంది. మెలిక అట్లాగే వదిలేస్తే ఒక పక్క చక్రాల మీద బరువు తగ్గుతుంది, ఆ పక్క ట్రాకే ఎప్పుడూ ఊడుతుంటుంది. ఐడ్లర్‌ను (ట్రాక్ బిగువు సర్దే వెనక చక్రాన్ని) ఎన్నిసార్లు బిగించినా లాభం ఉండదు.

ప్లాస్టిక్‌లోకి స్క్రూ దించేటప్పుడు, మొదట వెనక్కి తిప్పండి. పాత మరలో పడ్డప్పుడు చిన్న 'టిక్' తగులుతుంది, అప్పుడు ముందుకు తిప్పాలి. లేకపోతే విప్పి బిగించిన ప్రతిసారీ కొత్త మర కోసుకుని, నాలుగోసారికి స్క్రూ ఉత్తగా తిరుగుతుంది.

గేర్‌బాక్స్‌లు

ఎడమకొకటి, కుడికొకటి. అద్దంలో బొమ్మల్లా ఉంటాయి, కలిపేసుకుంటే అంతా ఆగమాగం. రెండు వేర్వేరు పళ్లేల్లో భాగాలు పరుచుకోండి.

మోటారు పెట్టకముందే గేర్లు అమర్చి, ఆఖరి షాఫ్ట్‌ను వేలితో తిప్పి చూడండి. ప్రతి చుట్టులో ఒకేచోట పట్టేస్తే పంటి సందులో మిగులు లోహమైనా ఉండాలి, షాఫ్టయినా వంగి ఉండాలి. చుట్టంతా ఒకే బిగువు ఉంటే బేరింగు గూట్లో పూర్తిగా కూర్చోలేదు. షాఫ్ట్ పక్కకు 0.2 నుంచి 0.3 మి.మీ. కదలాలి. అంతకంటే ఎక్కువ కదిలితే 0.1 మి.మీ. షిమ్ వాషర్లు వేసుకుంటూ రండి.

పినియన్ గేరు (మోటారుకు తగిలించే చిన్న గేరు) స్క్రూ మోటారు షాఫ్ట్ మీద చెక్కిన చదునుకే పడాలి. గుండ్రటి వైపు పడితే మొదటి ఎత్తు ఎక్కేటప్పుడే జారుతుంది. ఈ స్క్రూకు నీలం రంగు థ్రెడ్‌లాక్ ఒక్క చుక్క, అగ్గిపుల్ల కొనతో పెట్టండి. లోహంలోకి లోహం పోయే చోట మాత్రమే అది వాడాలి. కిట్టు భాగాల ఏబీఎస్ ప్లాస్టిక్‌కు తగిలితే సన్న పగుళ్లు వచ్చి, కొన్నాళ్లకు ఆ బాస్ (స్క్రూ దిగే ప్లాస్టిక్ గూడు) మొత్తం చీలిపోతుంది.

పినియన్‌కు, పెద్ద గేరుకు మధ్య నోటుబుక్కు కాగితం పేలిక పెట్టి, మోటారును దగ్గరికి తోసి బిగించండి. గేరు తిప్పి కాగితం బయటికి తీస్తే పళ్ల గుర్తులు పడాలి, చిరగకూడదు. చిరిగితే పట్టు ఎక్కువై మోటారు ఏడుస్తుంది, వేడెక్కుతుంది. గుర్తులే పడకపోతే వదులు, ముందుకు పోతూ ఒక్కసారి వెనక్కి కొట్టినప్పుడు పన్ను విరుగుతుంది.

గ్రీజు ఎంత? గేరుకు అగ్గిపుల్ల తలంత. ఎక్కువ పెడితే అది ఎగిరి మోటారు బ్రష్‌ల (లోపల కరెంటు అందించే కార్బన్ ముక్కల) దగ్గర చేరి, కార్బన్ పొడితో కలిసి నల్ల ముద్దవుతుంది. ఇనుప గేర్లకు లిథియం గ్రీజు, ప్లాస్టిక్ గేర్లకు సిలికాన్ గ్రీజు. తుప్పు వదిలించే స్ప్రేలు ఇక్కడ వాడొద్దు. అవి ఉన్న గ్రీజునే కడిగేస్తాయి.

380 రకం బ్రష్ మోటార్లను బిగించకముందే రెండు పెన్సిల్ సెల్లులతో, అంటే 3 వోల్టులతో, ఇరవై నిమిషాలు ఖాళీగా తిప్పండి. బ్రష్‌లు కమ్యుటేటర్ (అవి రాసుకునే రాగి చుట్టు) వంపుకు అరిగి సరిపడతాయి. బండి ముందుకు పోయేటప్పుడు ఏ మోటారు ఏ దిక్కుకు తిరుగుతుందో ఆ దిక్కుకే తిప్పాలి. ఎదురెదురుగా బిగించే రెండు మోటార్లలో ఒకటి ఎప్పుడూ ఉల్టానే తిరుగుతుంది. అందుకే ఒక దిక్కుకే బాగా తిరిగేలా టైమింగ్ ముందుకు జరిపిన రేసింగ్ మోటార్లు ట్యాంకుకు పనికిరావు, బండి ఒక పక్కకు లాగుతుంది.

ప్రతి మోటారుకు 104 అని రాసి ఉండే సిరామిక్ కెపాసిటర్లు మూడు కావాలి: రెండు కొసల మధ్య ఒకటి, ఒక్కో కొస నుంచి మోటారు డబ్బాకు ఒక్కొక్కటి. డబ్బాను ఆకురాయితో గీకితేనే సోల్డర్ పట్టుతుంది. ఐరన్ మూడు సెకన్లకు మించి ఆనించొద్దు, వెనక ప్లాస్టిక్ మూత మెత్తబడి బ్రష్‌లు వంకరపోతాయి. ఇవి లేకుండా నడిపితే నిప్పురవ్వల గోల రిసీవర్‌కు (బండిలో రిమోట్ సంకేతం అందుకునే పెట్టెకు) చేరి టరెట్ తనంతట తానే వణుకుతుంది.

టోర్షన్ బార్లు, ట్రాక్‌లు

ఇక్కడే తొందరపడొద్దు. బండి బాగా నడిచేదీ నడవనిదీ తేలేది ఈ పనిలోనే.

టోర్షన్ బార్లన్నీ (చక్రాలకు స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఎక్కించాక చక్రాలు పెట్టి, బ్యాటరీ అంత బరువు తొట్టిలో ఉంచి, బండిని గ్రానైట్ గట్టు మీద నిలబెట్టండి. ప్రతి చక్రం కింద కాగితం పేలిక పెట్టి లాగండి. అన్నీ ఒకే బిగువుతో రావాలి. జారిపోయే చోట చక్రం గాల్లో ఉంది, చిరిగే చోట బరువంతా దాని మీదే పడింది. బార్ మెలిపడిందా, చక్రాన్ని పట్టుకునే చెయ్యి (ఆర్మ్) పక్క చేతుల కోణంలోనే ఉందా చూసి మార్చండి. ముందు, వెనక చక్రాల బార్లు కాస్త గట్టిగా ఉంటే తప్పేం లేదు, బ్రేకు కొట్టినప్పుడు ముక్కు కిందికి వాలదు.

తర్వాత స్ప్రాకెట్ (ట్రాక్‌ను లాగే పళ్ల చక్రం), రోడ్ చక్రాలు (బరువు మోసేవి), ఐడ్లర్ ఒకే వరసలో ఉన్నాయా చూడాలి. తాపీమేస్త్రీ గోడకు పట్టినట్టు సన్న దారం స్ప్రాకెట్ పంటి మధ్య నుంచి ఐడ్లర్ గాడి మధ్యకు లాగిపట్టండి. రోడ్ చక్రాల మధ్యన ట్రాక్ లోపలివైపు కొమ్ములు పోయే సందు ఆ దారానికి తిన్నగా కిందనే ఉండాలి. ఒక మి.మీ. తేడా ఉన్నా తిన్నగా పోయేటప్పుడు తెలియదు, ఉన్నచోట గిరుక్కున తిప్పినప్పుడు ట్రాక్ ఊడుతుంది. స్ప్రాకెట్ వెనక వాషర్ వేసో తీసో సరిచేయండి.

ట్రాక్ లింకులు రెండు పక్కలా సమానంగా ఉండాలి. అసలు టైగర్‌కు పక్కకు 96 లింకులు. మీ కిట్టులో ఎన్నో పుస్తకంలో చూసి, లెక్కపెట్టి మరీ వేయండి, చూపుతో అంచనా వద్దు. టైగర్‌కు పైన రోలర్లు ఉండవు కాబట్టి ట్రాక్ పై వరస మధ్య చక్రాల మీద వాలి ఉండాలి, స్ప్రాకెట్‌కు మొదటి చక్రానికి మధ్య ఐదారు మి.మీ. వేలాడాలి. వీణతీగలా బిగిస్తే చూడడానికీ తప్పే, నడపడానికీ తప్పే: కరెంటు పెరుగుతుంది, ఐడ్లర్ ఇరుసు లోపలికి వంగుతుంది. అట్లా వంగిన ఐడ్లరే ట్రాక్‌ను పక్కకు తోసేస్తుంది. జనం దాన్ని వదులు అనుకుని ఇంకా బిగిస్తారు. రోగం ముదిరేది అక్కడే. ఊడిన ప్రతిసారీ ముందు ఐడ్లర్ నిటారుగా ఉందో లేదో వెనకనుంచి చూడండి.

లోహపు ట్రాక్‌లు వేస్తే లోహపు ఐడ్లర్, దాని వెనక గట్టి పట్టు రెండూ ఉండాల్సిందే. కొత్త ట్రాక్ పిన్నులు రంధ్రాల్లో అరిగి కుదురుకునేసరికి మొదటి రెండు మూడు గంటల్లో పొడవు పెరుగుతుంది. గంట నడిపాక బిగువు మళ్లీ చూడండి. ఐడ్లర్‌ను సర్దే మర అయిపోతే రెండు పక్కలా ఒక్కో లింకు తీసేయండి. స్ప్రాకెట్ తిరిగేటప్పుడు 'టక్ టక్' అని వినిపిస్తే పళ్లు లింకు సందులో పడకుండా దాని మీదికెక్కుతున్నాయి. లోహపు ట్రాక్‌కు ప్లాస్టిక్ స్ప్రాకెట్ వాడినప్పుడు ఇది మామూలే, జత మార్చాలి.

ట్రాక్‌కు నూనె పోయొద్దు. మన దుమ్ము ఆ నూనెలో కలిస్తే ఆకురాయితో సమానం, పిన్నులు కరిగిపోతాయి. పొడి గ్రాఫైట్ చాలు.

వైరింగ్

6 సెల్లుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ 7.2 వోల్టులు, రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) 7.4 వోల్టులు. కంట్రోల్ బోర్డు లైపోకు తగిందో కాదో పుస్తకంలో చూశాకే పెట్టండి. పూర్తి చార్జులో లైపో 8.4 వోల్టులు ఇస్తుంది. పాత బోర్డులకు లైపో కింది హద్దు తెలియదు, బ్యాటరీ చచ్చేదాకా లాగుతాయి. సెల్లుకు 3.5 వోల్టుల దగ్గర మోగే చిన్న అలారం ఒకటి బ్యాటరీ బ్యాలెన్స్ ప్లగ్గుకు (ఒక్కో సెల్లు వైరు బయటికి వచ్చే చిన్న ప్లగ్గుకు) తగిలించండి. బ్యాటరీ ఎర్ర వైరు మీద, ప్లగ్గుకు దగ్గరగా, 15 ఆంపియర్ల నీలం బ్లేడ్ ఫ్యూజు వేయండి. ట్రాక్‌లో రాయి ఇరికి మోటారు ఆగిపోతే కాలేది ఫ్యూజు కావాలి, బోర్డు కాదు.

ట్యాంకు మిక్సింగ్ (ఒక కర్ర కదలికను రెండు మోటార్లకు పంచడం) కిట్టు బోర్డులోనే ఉంటే రిమోట్‌లో మిక్సింగ్ ఆపేయాలి. రెండూ ఉంటే కర్ర ముందుకు తోసినప్పుడు బండి గుండ్రంగా తిరుగుతుంది. బండిని ఇటుక మీద పెట్టి, చక్రాలు తిరుగుతుండగా రిమోట్ ఆఫ్ చేయండి. వెంటనే ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ (సంకేతం పోతే బండిని ఆపే ఏర్పాటు) పెట్టలేదన్నమాట. నాలుగైదు కిలోల బండి పిల్లల కాళ్ల మీదికి పోకముందే ఇది చూసుకోవాలి. రిసీవర్ యాంటెనా కొసన 31 మి.మీ. ముక్కే పనిచేసేది. దాన్ని లోహపు తొట్టి అంచు దాటించి ప్లాస్టిక్ మూత కిందికి నిటారుగా తేవాలి.

టరెట్‌లోకి పోయే వైర్లు మెలిపడి తెగడం మామూలే. చుట్టూ తిరగాలంటే స్లిప్ రింగ్ (వైర్లు మెలిపడకుండా కరెంటు అందించే తిరిగే అతుకు) పెట్టండి, వద్దనుకుంటే ఇరుపక్కలా ఆపే మేకు పెట్టండి. పొగ యంత్రంలో దాని నూనెనే పోయాలి. కిరసనాయిలు, వంటనూనె పోస్తే వత్తి మాడిపోతుంది, పైగా నిప్పు భయం.

నేల, వేగం, ఎండ

పది మీటర్ల దారం పరిచి, పూర్తి వేగంలో ఎంతసేపు పడుతుందో చూడండి. అసలు టైగర్ రోడ్డు మీద గంటకు 38 కి.మీ. పోతుందనుకుంటే మన కొలతలో సెకనుకు 66 సెం.మీ., అంటే పది మీటర్లకు పదిహేను సెకన్లు. ఏడెనిమిది సెకన్లలోనే దాటితే అది ట్యాంకులా కనిపించదు, బొమ్మకారులా కనిపిస్తుంది. రిమోట్‌లో హద్దు తగ్గించుకోండి, గేర్లకూ మేలు.

మన దగ్గర నేలల్లో మొరం, గట్టిపడ్డ చలక మంచివి. తడి రేగడి జోలికి పోవద్దు. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండే టైగర్ చక్రాల మధ్య బురద ఇరుక్కుని, రష్యా చలిలో రాత్రికి గడ్డకట్టి, అసలు బండ్లే కదల్లేకపోయేవి. మన రేగడి చలి లేకుండానే ఆ పని చేస్తుంది, ఎండాక ఇటుకలా పట్టేస్తుంది. తడిగా ఉన్నప్పుడు గీకితే లోపలికి పోతుంది, పూర్తిగా ఎండనిచ్చి పాత పళ్ల బ్రష్‌తో రాల్చండి. 20 మి.మీ. కంకర రాయి ఈ ట్యాంకుకు 32 సెం.మీ. బండతో సమానం. అది ఎక్కడం గొప్పే, స్ప్రాకెట్‌లో ఇరికితే మాత్రం పన్ను పోతుంది. పత్తి ఏరే కాలంలో చేల పక్కన నడిపితే పింజలు ఇరుసులకు చుట్టుకుని బేరింగుల్లోకి చేరతాయి, ప్రతి పూటా పట్టకారుతో తీయాలి. ఖిలా వరంగల్ తోరణాల ముందు ఫొటో బాగుంటుంది, కానీ అది రక్షిత కట్టడం, చెక్కిన రాళ్ల మీద లోహపు ట్రాక్ నడపొద్దు.

మే నెలలో నీడలోనే 43, 44 డిగ్రీలు ఉంటే మూసిన తొట్టిలో మోటారు చల్లబడే దారే లేదు. పొద్దున ఎనిమిదిలోపు నడపండి. ఇరవై నిమిషాలకోసారి ఆపి మోటారు డబ్బా మీద వేలు పెట్టండి. ఐదు సెకన్లు ఉంచలేకపోతే ఆ పూటకు చాలు. ఒక మోటారే వేడెక్కితే ఆ పక్క ట్రాక్ బిగువో, గేర్ పట్టో ఎక్కువైంది. వేడి మీదున్న లైపోను చార్జింగు పెట్టొద్దు, ఎండలో మూసిన కార్లో వదలొద్దు. 3000 మిల్లీఆంపియర్ అవర్ బ్యాటరీకి 3 ఆంపియర్లతో, మట్టి కుండలో పెట్టి, దగ్గరుండి చార్జ్ చేయండి. వారం దాటి వాడకపోతే సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర దాచాలి.

పైభాగం, రంగు

తొట్టి నాలుగు గంటలు గొడవ లేకుండా నడిస్తే ఇక టరెట్ సంచి విప్పొచ్చు. భాగాలను గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టండి, అచ్చు నూనె మిగిలితే రంగు పెచ్చులూడుతుంది. ఏబీఎస్ అతుకులకు మామూలు ప్లాస్టిక్ సిమెంటు గట్టిగా పట్టదు. అదే కిట్టు ఫ్రేము ముక్కలు అసిటోన్‌లో కరిగించి జావలా చేసి వాడితే అతుకు బలంగా ఉంటుంది, రంగు కూడా కలుస్తుంది. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చేయండి.

వానకాలంలో గాలి తేమ 70 శాతం దాటితే లాకర్ రంగు తెల్లగా మసకబారుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం కొడితే తుంపర గాల్లోనే ఎండి ఇసుక చల్లినట్టు పడుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మన దగ్గర రంగుకు మంచి కాలం. రంగు ఏదన్నది బండి కాలాన్ని బట్టి ఉంటుంది. జర్మన్ సైన్యం 1943 ఫిబ్రవరిలో ముదురు బూడిద రంగు మాని ముదురు పసుపుకు మారింది. అయస్కాంత మందుపాతరలు అంటకుండా పూసే గరుకు జిమ్మెరిట్ పూత ఆ ఏడాది రెండో సగంలోగానీ రాలేదు. బూడిద రంగు టైగర్ మీద జిమ్మెరిట్ గీతలు గీస్తే తెలిసినవాళ్లు అక్కడే పట్టేస్తారు.

గాట్లలో నల్ల వాష్ (బాగా పలచన చేసిన రంగు) దించేటప్పుడు ఎనామెల్ థిన్నర్ జాగ్రత్త. స్క్రూ బిగింపుతో ఒత్తిడిలో ఉన్న ఏబీఎస్‌కు అది తగిలితే రాత్రికి రాత్రి పగులు వస్తుంది. పైన వార్నిష్ పొర వేశాక, స్క్రూలు పావు చుట్టు వదులు చేసి, పలచగా వాడండి.

దుమ్ముకు డబ్బులు పెట్టి పొడులు కొనక్కర్లేదు. ట్యునీషియా బండి అయితే చలక మట్టి, ఉక్రెయిన్ నల్లమట్టిలో తిరిగిన బండి అయితే రేగడి. ఎండలో పూర్తిగా ఎండబెట్టి, నూరి, వస్త్రగాళితం పట్టి, మ్యాట్ వార్నిష్‌లో చెంచాడు కలిపి కింది పలకలకు, మడ్‌గార్డ్‌ల లోపలికి కుంచెతో అద్దండి. స్ప్రాకెట్ పళ్లకు, ఐడ్లర్ గాడికి, బేరింగుల దరిదాపులకు అది చేరకుండా ముందే మాస్కింగ్ టేప్ చుట్టండి.